నారాయణప్ప వద్దన్న దూలం

గుండుకీ నేలకీ మధ్య నా ఐడీ కార్డు ఇప్పుడు దూరడం లేదు. పావుగంట కిందట దూరింది. దారానికి చెయ్యి తగలకుండా, ఊపిరి బిగబట్టి, చెంప నేలకు ఆనేంత వంగి, స్టాఫ్ నర్స్ ప్రమీల అని నా ఫొటోతో సహా ఉన్న ఆ కార్డును మెల్లగా తోస్తే అవతలికి జారింది, మరి ఇప్పుడెందుకు అడ్డం పడుతోంది, వంకరగా తోశానా, చెయ్యి వణికిందా, ఫ్యాన్ గాలికి దారం ఊగిందా, ఫ్యాన్ ఎక్కడిది, ఇంకా బిగించనే లేదు కదా. మూడూ నలభై. ఎండ ఇంకా పెంకుల మీదే ఉంది. రేపు తెల్లవారి గృహప్రవేశం, మా ఆయన దామోదర్ వంటపాత్రలకని మదనపల్లె పోయాడు, వచ్చిన చుట్టాలంతా పిల్లల్ని వెంటేసుకుని గాజులకూ పూలకూ పుంగనూరు బజారుకు పోయారు, ఇంట్లో మిగిలింది నేనూ మా నాయనా. నాయన హాలు మధ్యలో నులకమంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు, కాలు మీద కాలు వేసుకుని, కళ్ళు మూసుకుని, సరిగ్గా దూలం కింద. దూలానికి కట్టిన దారం మంచానికి రెండు జానల దూరంలో వేలాడుతోంది, దాని చివర మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే ఇత్తడి గుండు, దాని ముందు ఇరవై రెండేళ్ళ సర్వీసున్న నేను, నేల మీద చతికిలబడి, ప్లాస్టిక్ కార్డుతో.

టిక్. మళ్ళీ అదే. పెంకులు ఎండకు సాగుతాయి, కొత్తగా ఎక్కించిన కట్టె సర్దుకుంటుంది, అంతే అయ్యుంటుంది, కొత్త ఇల్లన్నాక చప్పుళ్ళుండవా. ఇట్లా చెప్పుకునే వాళ్ళని వార్డులో ఎంతమందిని చూశాను, కళ్ళ ముందు మనిషి నీలం తిరుగుతుంటే నిద్రపోతాండాడు మేడమ్ లేపొద్దండి అంటారు, వాళ్ళమీద కసురుకుంటాను, ఇంత చదువుకున్నారు కళ్ళు లేవా అంటాను. ఇప్పుడు నన్ను కసిరేవాళ్ళు లేరు. ఇరవై నిమిషాల్లో మూడు చప్పుళ్ళు. అంతకుముందు లెక్కపెట్టలేదు.

ఇల్లంతా స్లాబు వేసి ఈ హాలుకు మాత్రం పెంకులేంది అని అడగని మనిషి లేడు. మా అత్త అడిగింది, ఎలక్ట్రీషియన్ అడిగాడు, కరెంటు మీటరు పెట్టడానికి వచ్చినవాడు కూడా అడిగాడు. స్టైల్ అని చెప్పాను, బెంగళూరులో ఇప్పుడంతా ఇట్లనే కడతాండారు అన్నాను. అబద్ధం. ఈ హాలు కట్టింది దూలం కోసం. ముందు దూలం కొన్నాను, దాని పొడుగు కొలిచి తర్వాత గోడలు లేపించాను. పద్దెనిమిది అడుగుల మద్ది దూలం, ఒక్కటే మాను, నడిమధ్య అడుగువైపు చెక్కిన తామరపువ్వు, హాలు కప్పులోని వాసాలన్నీ దాని మీదే కూర్చున్నాయి. ఆ పువ్వును నేను మొదటిసారి చూసినప్పుడు నాకు ఏడేళ్ళు. సదుం పక్కన మా ఊళ్ళో పెద్దింటి వాళ్ళ పెరట్లో, నాయన వెనక, ఆయన పంచె కొస పట్టుకుని నిలబడి చూశాను. నాయన ఆ ఇంట్లో జీతానికి ఉండేవాడు, ఏడాదికి ఇన్ని గింజలని. పేడ ఎత్తడం, ఎద్దులు కడగడం, నీళ్ళు పెట్టడం, పెద్దాయన కేకేస్తే మెట్టు దగ్గరికి పోయి నిలబడటం. మెట్టు దాటకూడదు. అక్కడినుంచి చూస్తే లోపల హాలు, హాల్లో వాలుకుర్చీ, కుర్చీలో పెద్దాయన, ఆయన తల మీద తామరపువ్వు. ఆ ఇంటి పెద్దమ్మ మాకు మజ్జిగ పైనుంచి పోసేది, దోసిట్లో సగం, మోచేతుల మీద సగం. నేను తాగుతూ కూడా పువ్వునే చూసేదాన్ని. దాని కింద చల్లగా ఉంటుందని ఎందుకో నాకు గట్టి నమ్మకం.

పోయినేడు వాళ్ళ వారసులు ఆ స్థలాన్ని ప్లాట్లు వేస్తున్నారని, జేసీబీ వచ్చిందని తెలిసి డ్యూటీకి సెలవు పెట్టి బస్సులో పోయాను. కట్టె అంతా ఒక పక్క కుప్ప పోశారు. పువ్వు పైకి తిరిగి ఉంది, ఎండలో. బేరమాడలేదు. ఆడితే నేనెవరి కూతురినో అడుగుతారని కాదు, అడిగితే చెప్పాలనే పోయాను, కానీ అమ్మేవాడు నా మొహం కూడా చూడలేదు, ఫోన్ చూసుకుంటూ స్కానర్ చూపించాడు. అంత కోపం తీసుకుని పోతే దాన్ని దించుకోవడానికి ఒక్క మనిషి దొరకలేదు. ట్రాక్టర్ మా స్థలంలోకి వచ్చి దూలం దించుతుంటే నాయన దాని దగ్గరికి వచ్చాడు, ఒక కొనను అరచేత్తో తడిమాడు, చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు, ఒక్క మాట మాట్లాడలేదు. సంతోషానికి మాట రాలేదు అనుకున్నాను. ఆ రోజంతా నేను గాల్లో తేలాను.

టిక్. నాయన కనురెప్ప కదిలిందా. లేదు.

నారాయణప్పను నేనే వెతికి పట్టుకున్నాను, ఎవరినీ అనడానికి లేదు. మా వార్డు ఆయా రాజేశ్వరమ్మ వాళ్ళ ఊరి ఇంటికి కప్పు వేసింది ఆయనే, శాంతిపురం మనిషి, తాత నాటినుంచి వాళ్ళ ఇంట్లో అందరికీ కప్పు పని, కుప్పంనుంచి మదనపల్లె దాకా పాత మిద్దెలు, పెంకుటిళ్ళు ఏవి విప్పాలన్నా ఎత్తాలన్నా ఆయన పేరే చెప్తారు. అరవై దాటాయి, మాట తక్కువ, ఆ తక్కువ మాటల్లోనూ సగం కన్నడం. ఒక శుక్రవారం ఇక్కడికే పిలిచి, ఆకూ వక్కా చేతిలో పెట్టి, పని అప్పజెప్పాను. ఈ పక్క కాంట్రాక్టంటే అదే, కాగితం లేదు, సంతకం లేదు, ఆకూ వక్కా తీసుకున్నాక పని ముగిసేదాకా ఆయన వదిలి పోగూడదు, ఇంకొక మేస్త్రీ ఆ పనిలో చెయ్యి పెట్టడు. పెట్టడని నాకు తర్వాత తెలిసింది. పుంగనూరులో గిరీష్ అని ఇంకో కార్పెంటరు ఉంటే, మొన్న ఫోన్ చేసి, వచ్చి ఒకసారి ఈ దూలం చూసిపో అప్పా అన్నాను. నారాయణప్ప ఎత్తిన కప్పా, నేను రానమ్మా, ఆయన్నే పిలుసుకో అన్నాడు, ఇంకో మాట వినకుండా ఫోన్ పెట్టేశాడు.

దూలం ఎత్తిన రోజు ఇక్కడ ఇరవైమంది ఉన్నారు. పసుపు పూశాం, కుంకుమ పెట్టాం, కొబ్బరికాయ కొట్టాం, మోకులు కట్టి మనుషులు గోడలెక్కి కూర్చున్నారు. నారాయణప్ప ఉలి తిరగేసి, దాని వెనకపక్కతో దూలాన్ని ఈ కొసనుంచి తట్టుకుంటూ పోయాడు. ఠంగ్, ఠంగ్, ఠంగ్, పువ్వు దాటాడు, ఠంగ్, దక్షిణం కొనకు పోయేసరికి ఆగాడు. మళ్ళీ తట్టాడు. అక్కడ చప్పుడు మారింది, ఇప్పుడు గుర్తు చేసుకుంటే మారింది, అప్పుడు నేను చప్పుడు వినడం లేదు, వీడియో తీస్తున్నాను. ఆయన తలెత్తి మా నాయన వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "ఈ దూలం వద్దమ్మా" అన్నాడు.

"యాల?"

ఎందుకో ఆయన చెప్పలేదు. నేల చూశాడు, కప్పు లేని గోడల్ని చూశాడు. "వద్దు, అంతే. కావాలంటే మీ నాయన్ను అడగండి."

మీ నాయన్ను అడగండి. ఆ ఒక్క మాటకు నా ఒళ్ళు భగ్గుమంది. ఎందుకు మండదు. మదనపల్లెలో అద్దె ఇల్లు వెతికినప్పుడు నా జీతం అడగలేదు ఒక్కరూ, మీ నాయన ఏం చేస్తాడు అని అడిగేవాళ్ళు, అది అడిగేది ఎందుకో అడిగేవాళ్ళకూ తెలుసు నాకూ తెలుసు, వ్యవసాయం అంటే ఎన్నెకరాలు అనేవాళ్ళు, ఆ తర్వాత ఇల్లు మా చుట్టాలకు ఇచ్చేశామమ్మా అనేవాళ్ళు. ఒక ఇంటావిడ మాకు కొళాయి వేరే పెట్టించింది, మీకు సౌకర్యంగా ఉంటుందని. ట్రైనింగులో హాస్టల్లో నా కంచం ఎప్పుడూ విడిగా ఉండేది, ఎవరూ ఏమీ అనలేదు, విడిగా ఉండేది అంతే. నోటితో అనకుండా చెప్పే మనుషులు ఎంతమందో, వాళ్ళు ఆపిన దగ్గర మిగతా మాట పూరించుకోవడం నాకు బాగా అలవాటైపోయింది. అందుకే ఆయన ఆపేసిన దగ్గర నేను పూరించేశాను. ఇరవైమంది ముందు అరిచాను. "మా నాయన్ను యాల అడగాల? ఆ ఇంట్లో పేడ ఎత్తినాడనా? పేడ ఎత్తినోడి ఇంటికి ఆ దూలం పనికిరాదనా? నీ పని ఎత్తడం, ఎత్తు." నారాయణప్ప ఉలి తీసి సంచిలో పెట్టాడు. కొంతసేపటికి మళ్ళీ బయటికి తీశాడు. "ఆకూ వక్కా తీసుకుండాను. ఎత్తమంటే ఎత్తుతా" అన్నాడు. నాయన అప్పుడు నా పక్కనే ఉన్నాడు, తల దించుకుని ఉన్నాడు, నాకు ఇంకా కోపం వచ్చింది, మా నాయన తల దించుకునేట్టు చేశాడని.

ఎత్తాడు. వాసాలు పరిచాడు, పెంకులు నేయించాడు, పనిలో వంక పెట్టడానికి లేదు. అంతా అయ్యాక ఎవరూ అడక్కుండానే దూలం కింద నాలుగు సవుకు కట్టెలు నిలబెట్టాడు, లావుపాటి నిలువు కర్రలు, అడుగున చీలలు కొట్టి బిగించాడు. దారం కట్టి ఈ గుండు వేలాడదీశాడు. "నేను సెప్పేదాకా కట్టెలు తియ్యొద్దు, దారం తెంపొద్దు" అని దామోదర్‌కు చెప్పాడు, నాకు కాదు. అదీ తొమ్మిది రోజుల కిందట. కసి అనుకున్నాను. నా హాలు నాకు అందంగా కనపడకూడదని, పువ్వు కింద నాలుగు మొద్దులు పాతిపెట్టి పోయాడని. ఫోన్లో ఆయన పేరు నారాయణప్ప కార్పెంటర్ అని ఉండేది, దాన్ని పొగరుబోతు అని మార్చుకున్నాను. నా బుద్ధి అంత.

ఈ పొద్దు పన్నెండుకు షామియానా వాళ్ళు వచ్చారు, వాళ్ళతో ఫొటోలు తీసే అబ్బాయి కూడా వచ్చాడు, మేడమ్ ఈ కట్టెలుంటే ఫొటో బాగుండదు, పువ్వే కనపడదు అన్నాడు. తీసెయ్యండి అన్నాను. దామోదర్ గొణిగాడు, ఆయప్పను ఒక మాట అడుగుదామా అని. "ఇది ఆయప్ప ఇల్లా?" అన్నాను. పదిహేడేళ్ళు కాపురం చేసిన మనిషి, నా ముక్కు మీద కోపం తెలిసినవాడు, మాట్లాడకుండా సుత్తి అందించాడు. మూడు కట్టెలు రెండు దెబ్బలకే ఊడాయి. నాలుగోది, దక్షిణం వైపుది, రాలేదు. ఇద్దరు పట్టుకుని లాగినా రాలేదు, చీల బయటికి కొట్టాక కూడా దూలానికీ నేలకీ మధ్య ఇరుక్కుని అట్లే నిలబడింది. పెద్ద సమ్మెట తెచ్చి కొడితే కీచుమని బయటికి వచ్చింది, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నర్సును నేను. నాలుగింటిలో ఒక్కటి ఎందుకు బిగుసుకుంది అని ఒక్క క్షణం అనుమానం రాలేదు. మంచంలో మనిషి నాలుగు వైపులా కదిలి ఒక్క వైపు కదలకపోతే ఆ వైపు ఏముందో చూడమని ట్రైనింగుకు వచ్చిన నర్సు పిల్లలకు పాఠాలు చెప్తాను.

దారాన్ని మాత్రం పూలవాళ్ళు బంతిపూలు చుట్టడానికి బాగుంటుందని ఉంచేశారు. ఒంటి గంటకు నేను ఊడుస్తుంటే చీపురు గుండు కింద సులువుగా దూరింది. రెండున్నరకు ఊడుస్తుంటే తగిలింది. దారం సాగిందేమో అనుకున్నాను. వేలు పెట్టి చూశాను, ఒక వేలు దూరింది. మూడింటికి వేలు పట్టలేదు, పెన్ను పట్టింది. అప్పుడు, అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు ఆయన ఇది ఎందుకు కట్టాడో. దూలం దిగితే దారంతో పాటు గుండూ దిగుతుంది. థర్మామీటర్ పెట్టి పోయాడు. చదవడం వచ్చినదాని ఇంట్లో పెట్టి పోయాడు.

మరి నాయన్ను ఎందుకు లేపవు. లేపితే ఏం చెప్పాలి. భోజనాలయ్యాక ఆయనే, ఎవరి సాయం అడక్కుండా, వెనక గదిలోని మంచం ఈడ్చుకుని వచ్చాడు. దూలం కింద బిళ్ళాట ఆడుతున్న పిల్లల్ని గదమాయించాడు, పోండి అవతలికి, నేను పండుకోవాల అని. మా నాయన ఒకరిమీద గొంతెత్తడం నేను పుట్టాక వినలేదు. డెబ్భై ఆరేళ్ళ మనిషి, ఎవరైనా ఎదురొస్తే ఇప్పటికీ పక్కకు తప్పుకుంటాడు, బస్సులో సీటు ఖాళీ ఉన్నా కాసేపు నిలబడి చూసి కూర్చుంటాడు. ఆ మనిషి ఆ పువ్వు కింద మంచం వాల్చి, కాలు మీద కాలు వేసుకుని పడుకుంటే నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. తలుపు చాటునుంచి ఫొటో తీసి దామోదర్‌కు పంపాను, సూడు మా నాయన, అని. ఈ హాలు, ఈ పెంకులు, బ్యాంకు లోను, పెద్దింటి కుప్ప ముందు ఎండలో నిలబడటం, అంతా దీనికే, ఈ ఒక్క నిద్రకే. ఇప్పుడు భుజం తట్టి లే నాయనా, ఇక్కడ పండుకోగూడదు అనాలా. ఆ మాట ఆయన జీవితమంతా విన్నాడు. పెద్దింట్లో విన్నాడు, కూతురు కట్టిన ఇంట్లో కూడా వినాలా, అదీ నా నోటి నుంచే.

పోయిన నెల మధ్యాహ్నం డ్యూటీలో వీణ అని కొత్తగా చేరిన అమ్మాయి, ఒక పేషెంటుకు బీపీ పడిపోతుంటే నాలుగుసార్లు పట్టీ విప్పి కట్టింది, మిషన్ మార్చింది, చెయ్యి మార్చింది, డాక్టరుకు మాత్రం ఫోన్ చెయ్యలేదు. చేస్తే తిడతారని భయం. నేను చూసి, వార్డంతా వినపడేట్టు అరిచాను, అనుమానం మిషన్ మీద తర్వాత, ముందు ఫోన్ చెయ్, తిడితే పడు, తిట్లకు ఎవరూ చచ్చిపోరు అని. పేషెంటు బతికాడు. వీణ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు నేను కార్డు నాలుగోసారి తోసి చూస్తున్నాను. దూరడం లేదు ప్రమీలా. తిప్పి తోసినా దూరడం లేదు.

దక్షిణం గోడ దగ్గర ఏదో రాలుతోంది. లేచి పోయాను, చెప్పులు లేకుండా, అడుగులో అడుగు వేసుకుంటూ. దూలం గోడలోకి దిగిన చోటునుంచి సన్నగా పొడి, కొత్త టైల్స్ మీద. కట్టెపొడి ఎర్రగా ఉండాలి, ఇది తెల్లగా ఉంది. గోడకు పసుపురంగు వేయించాను, లోపల సిమెంటు బూడిదరంగు, తెలుపు ఎక్కడిది. వేలితో అద్ది చూశాను. సున్నం. ఈ ఇంట్లో ఎక్కడా సున్నం వాడలేదు. కట్టె లోపలినుంచి సున్నం ఎందుకు రాలుతుంది. భయం వేసింది, మామూలు భయం కాదు, మా అమ్మ పోయిన రోజు వేసిన భయం. ఫోన్ తీసి పొగరుబోతు అన్న పేరు నొక్కాను. రెండో రింగుకే ఎత్తాడు.

"కట్టెలు తీసినారా?" అన్నాడు. హలో లేదు, ఎవరని లేదు.

"తీసినామప్పా."

"గుండు యాడుండాది?"

"నేలకు తగిలేట్టుండాది. కార్డు దూరడం లేదు. సున్నం రాలతాండాది."

అటువైపు ఎక్కడో రంపం మిషన్ మోగుతోంది, అది ఆగిపోయింది. "లోపల ఎవురుండారు?"

"నేనూ, మా నాయన. దాని కిందనే పండుకోనుండాడు."

"అమ్మా, నా మాట విను. మంచం లాగొద్దు. తలుపు దబాల్న వెయ్యొద్దు. మనిషిని చెయ్యి పట్టుకోని నిదానంగా బయటికి పిలుసుకోని పో. ఫోన్ పెట్టెయ్యొద్దు."

మంచం దాకా ఎనిమిది అడుగులు. పైకి చూడకూడదనుకున్నాను, చూశాను, పువ్వు ఎప్పటిలాగే ఉంది. వంగి నాయన మణికట్టు పట్టుకున్నాను, లేపడానికి పట్టుకున్నదాన్ని అలవాటుగా నాడి చూశాను. పరుగెడుతోంది. నూటపది, నూటపదిహేను. నిద్రపోయే మనిషి నాడి అట్లా కొట్టుకోదు. నేను నాయనా అనకముందే ఆయన కళ్ళు తెరిచాడు, తెరిచిన కళ్ళల్లో నిద్ర లేదు. "పోదాం రా నాయనా" అన్నాను. ఎక్కడికని అడగలేదు. కాళ్ళు కిందికి దించి, చప్పుడు కాకుండా లేచి, నాకంటే జాగ్రత్తగా, మంచం పట్టె తగలకుండా పక్కకు జరిగి నా వెంట వచ్చాడు. గడప దాటాం, షామియానా గుంజలు దాటాం, గేటు అవతల ఇసుక కుప్ప దగ్గర ఆయన్ను కూర్చోబెట్టాను. ఇసుక కాలుతోంది, ఇద్దరికీ చెప్పులు లేవు.

"వచ్చేసినామప్పా బయటికి."

నారాయణప్ప గట్టిగా ఊపిరి వదలడం వినపడింది. తను నిమ్మనపల్లె దారిలో ఉన్నాడట, దూలానికి ఆనించే జాకీలు బండిలో వేసుకుని బయల్దేరుతున్నాడట, ముక్కాల్గంట, అంతదాకా ఎవరూ లోపలికి పోకూడదు. సరే సరే అన్నాను. తర్వాత ఆగలేకపోయాను. "ఆ పొద్దే యాల వద్దో ఒక్క మాట సెప్పుంటే ఏమయ్యేదప్పా?"

"పాలు పొంగని ఇంట్లో ఆ మాట అనగూడదమ్మా. విరుగుతాది, పడతాది, అని కప్పు ఎత్తేవోడి నోట్లో రాగూడదు. మా తాత అనలేదు, మా నాయన అనలేదు. నేనెట్లా అనేది? మీ నాయనకు తెలుసని నాకు తెలిసె. కొన తడతానే ఆయప్ప మొగం సూసినా. అందుకే అడగమంటి."

నేను నాయన వైపు తిరిగాను. ఆయన ఇసుకలో వేలితో గీతలు గీస్తున్నాడు. నేను ఏమీ అడగలేదు, నా మొహం చూసి ఆయనే మొదలుపెట్టాడు.

"ఆ కొన పుచ్చిపోయి నలభై ఏండ్లయింది పాపా. వాన నీళ్ళు దిగి దిగి లోపలంతా బొక్క. వాళ్ళ పెద్ద కూతురి పెండ్లికి, మగపెండ్లోళ్ళు సూస్తే బాగుండదు, పూడ్చెయ్ రా చెంగయ్యా అన్నాడు పెద్దాయన. సున్నమూ బెల్లమూ కలిపి నేనే కూరినా, పైన నూనెమసి పూసినా. నన్ను లోపలికి రానియ్యలా. పెంకులు తీసి పైనుంచి దించినారు."

"నాకు యాల సెప్పలేదు నాయనా?"

"నువ్వు ట్రాక్టర్ మింద దాని పక్కన కూసోని వస్తాంటివే. ఆ మొగం సూసి ఎట్లా సెప్పేది? కట్టెలు పెట్నాడు కదా, ఆయప్ప తెలిసినోడు, ఏమీ కాదులే అనుకుంటి."

సిగ్గుతో నా చెవులు కాలిపోతున్నాయి. ఇరవైమంది ముందు నేను అరిచింది నారాయణప్ప మీద, తల దించుకుంది మా నాయన, ఆ రెండింటికీ నేను చెప్పుకున్న అర్థం తప్పు. అయినా ఇంకొకటి మిగిలి ఉంది, అది నాకు మింగుడు పడటం లేదు. కట్టెలు తీసేటప్పుడు ఈయన వరండాలోనే ఉన్నాడు. చూశాడు. చూసి, అన్నం తిని, మంచం ఈడ్చుకుని వచ్చాడు.

"అన్నీ తెలిసీ ఆడనే యాల పండుకున్నావు?"

నాయన కొంచెం విసుక్కున్నాడు, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు. "పిల్లకాయలు ఆడనే ఆడతాండ్రి గదమ్మా. పొమ్మంటే పోతారు, మళ్ళా వస్తారు. ముసిలోడు పండుకోనుంటే ఎవురూ రారు గదా."

ఫోన్లో నారాయణప్ప ఉన్నాడో లేదో, బండి స్టార్టయిన చప్పుడు వినపడుతోంది. పుంగనూరు వైపునుంచి ఆటో ఒకటి మలుపు తిరిగింది, వెనక సీట్లో పిల్లలు కొత్త గాజుల చేతులు బయటపెట్టి కేకలు వేస్తున్నారు. ఆటో పూర్తిగా ఆగకముందే ఇద్దరు దూకారు, ఇంట్లోకి పరుగు. నేను ఏయ్ అనేలోపలే నాయన లేచాడు. కాలే ఇసుక మీద వట్టి కాళ్ళతో పోయి, రెండు చేతులూ చాపి, గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. నేనూ పోయి ఆయన పక్కన నిలబడ్డాను.